కరివేపాకు చెట్టు దాకా దారి

మా ఇల్లు బెంగళూరులో కేఆర్ పురం దాటాక ఉంటుంది, 40×60 అడుగుల సైట్. గృహప్రవేశం అయిన నెలకే ఆగలేక తోట పని మొదలుపెట్టాం. ముందు లాన్ పరిపించాం. తర్వాత గేటు నుంచి వీధి గుమ్మం దాకా తిన్నగా, పదడుగుల వెడల్పున, నున్నటి గ్రానైట్ వేయించాం. నర్సరీ నుంచి ఆటోలో కుండీలు దిగాయి. ఫొటోలు తీసి చుట్టాలందరికీ పంపాం.

ఆరు నెలలు తిరిగేసరికి ఆ లాన్ మీద మూడు చారలు పడ్డాయి. ఒకటి గేటు నుంచి సంప్ మూత దాకా. ఒకటి బట్టలారేసే తీగ దాకా. మూడోది వంటింటి వెనక గుమ్మం నుంచి కాంపౌండ్ మూలనున్న కరివేపాకు చెట్టు దాకా, గీత గీసినట్టు. అది మా అమ్మ నడిచిన దారి. "గడ్డి తొక్కొద్దమ్మా, బండల మీదుగా రా" అంటే, "పోపు మాడిపోతుంటే ఇల్లంతా చుట్టి రమ్మంటావేంట్రా?" అంది.

అటు పదడుగుల గ్రానైట్ మీద అందరం నడిచేది మధ్యలో మూడడుగులే. మిగతా ఏడడుగులు ఎండకి కాలడానికీ, వాన పడితే నీళ్ళని వీధిలోకి తోలడానికీ తప్ప దేనికీ పనికిరాలేదు.

తోటలు వేసేవాళ్ళని ఎవరిని అడిగినా ముందు దారులు తేల్చుకోమంటారు. నాకూ చెప్పారు. అది అందం గురించి చెప్పిన మాట అనుకుని వదిలేశాను. దారులు తేలితే మిగిలిన నేలే తోట. అటూ ఇటూ మిగిలిన ముక్కల్లో ఎక్కడ చెట్టు, ఎక్కడ మడి, ఎక్కడ కుర్చీ అన్నది వాటంతట అవే సగం తేలిపోతాయి. పైగా తోటలో అన్నిటికన్నా మొరటు పని దారిదే. తవ్వాలి, జల్లి పోయాలి, దిమ్మిసతో కొట్టాలి, బండలు మోసుకు రావాలి. మొక్కలు నాటాక ఈ పని పెట్టుకుంటే సగం మొక్కలు కూలీల కాళ్ళ కింద పోతాయి. మా మందారాలు రెండు అలాగే పోయాయి.

దారి ఎక్కడ వేయాలో కాగితం మీద తేలదు. ఇంట్లో వాళ్ళు రోజూ ఎక్కడికి, ఎందుకు, చేతిలో ఏం పట్టుకుని నడుస్తారో ఒక వారం గమనిస్తే తేలుతుంది. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ ఎటు నుంచి లోపలికి వస్తుంది? గ్యాస్ సిలిండర్ దొర్లించుకొచ్చేవాడు ఎక్కడ మలుపు తిరుగుతాడు? కరెంటు మీటర్ చూసేందుకు వచ్చే మనిషి మీ గులాబీల మధ్యలోంచి వెళ్ళాలా? వంటింటి వెనకాల యూటిలిటీలోంచి తడిబట్టల బకెట్‌తో వచ్చే మనిషికి కింద నేల కనపడదు, గుర్తుందా? మోటార్ స్విచ్ వేయడానికి రాత్రి పదకొండింటికి బయటికెళ్ళేది ఎవరు? ఇవన్నీ దారులే. మనం వేసినా వేయకపోయినా అవి ఉంటాయి. పల్లెల్లో కాలిబాటలకి ఎవరూ ప్లాన్ గీయలేదు. గట్టు మీదుగా, వేపచెట్టు పక్కగా, బావి వైపుగా కాళ్ళే వేసుకున్నాయి.

లాల్‌బాగ్‌లో ఇదే చూడొచ్చు. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టించిన తోట అది, ఇప్పుడు దాదాపు 240 ఎకరాలు. అంత పద్ధతిగా వేసిన రోడ్ల మధ్య కూడా, రెండు రోడ్లు కలిసే మూలల్లో గడ్డి అరిగిన అడ్డదారులు కనిపిస్తాయి. అంత పెద్ద తోటకే తప్పనప్పుడు మన ముప్పై అడుగుల ముందు వాకిలికి తప్పుతుందా?

ఈ వారం పరిశీలన అయ్యాక రెండో పని ముగ్గుపిండితో. నిజంగానే. ఒక కిలో ముగ్గుపిండి తెచ్చి, అనుకున్న దారుల అంచులు నేల మీద గీయండి. నాలుగు రోజులు ఆ గీతల మధ్యనే నడవండి. ఎక్కడ కాలు గీత దాటిందో అక్కడ గీత తప్పు, కాలు కాదు. చెరిపి మళ్ళీ గీయడానికి అయ్యే ఖర్చు పది రూపాయలు. బండలు వేశాక చెరపడానికి ఎంతవుతుందో నన్నడగండి.

మాకు దారులు మళ్ళీ గీసుకునే అవకాశం 2024 మార్చిలో వచ్చింది. ఆ ఎండాకాలం బోర్లు ఎండి బెంగళూరు అల్లాడిపోయింది. తాగేనీటిని తోటలకీ కార్లు కడగడానికీ వాడితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. లాన్‌కి నీళ్ళాపేశాం. ఏప్రిల్‌కల్లా గడ్డి మొత్తం చచ్చింది, ఆ మూడు కాలిబాటలు మాత్రం ఎర్రగా మిగిలాయి. మళ్ళీ తోట వేయాలంటే వాటినే పట్టుకోవాలని అప్పుడు అర్థమైంది.

వెడల్పుల లెక్కలు

ఒక మనిషి హాయిగా నడవాలంటే మూడడుగులు. ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ రావాలంటే నాలుగున్నర నుంచి ఐదు. మొక్కలకి నీళ్ళు పోయడానికీ, ఆకు కోయడానికీ వెళ్ళే లోపలి దారికి రెండడుగులు చాలు. పెద్దవాళ్ళున్న ఇంట్లో గేటు నుంచి గుమ్మం దాకా వీల్‌చైర్ నడిచేలా ఒక్క దారి అయినా ఉండాలి. అది మూడడుగులకి తగ్గకూడదు. మెట్టు బదులు ర్యాంప్ పెడితే అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు. ఇది చాలామంది నమ్మరు, నాలుగడుగుల్లో ముగించి స్కూటర్ ఎక్కించుకోవడానికి వాడతారు.

ఇక్కడ ఒక మోసం ఉంది. కాగితం మీది మూడడుగుల దారి రెండేళ్ళకి రెండడుగులే. పక్కన నాటిన మొక్క అరడుగు ఇటు, అరడుగు అటు ఒరుగుతుంది. బోగన్‌విలియా అయితే చీర కొంగు పట్టుకుని లాగుతుంది. కాబట్టి మొక్క పెద్దయ్యాక ఎంత పరుచుకుంటుందో చూసి, అందులో సగం దూరం దారి అంచు నుంచి వదిలి నాటాలి.

గడ్డి మధ్యలో విడివిడి బండలు వేసే పద్ధతి ఈమధ్య బెంగళూరులో ఎక్కడ చూసినా ఉంది. బొమ్మలో బాగుంటుంది. నడిచేవాళ్ళకి మాత్రం అడుగు లెక్క కుదరాలి. తడికాళ్ళతో నేల మీద మామూలుగా నడిచి, ఆ ముద్రల మధ్య దూరం కొలవండి. సాధారణంగా బండ మధ్య నుంచి బండ మధ్యకి 22 నుంచి 24 అంగుళాలు వస్తుంది. చీర కట్టుకున్న పెద్దావిడకి ఇరవై కూడా రాకపోవచ్చు. ఆ ఇంట్లో రోజూ నడిచేది ఎవరో వాళ్ళ అడుగే కొలత. బండల మధ్య సందులు చేతికర్ర దిగేంత ఉంటే ఆ దారి పెద్దవాళ్ళకి పనికిరాదు.

వంకరల గురించి ఒక్క మాట. రెండోసారి పని చేయించినప్పుడు వెనక దారికి నేనొక అందమైన ఒంపు గీశాను. మేస్త్రీది కదిరి వైపు. గీత వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఆడేముందని సార్ వంకర?" అన్నాడు. ఏమీ లేదు. దారి వంగిందంటే అక్కడ ఏదో అడ్డం ఉండాలి, చెట్టో, తులసికోటో, పెద్ద బండో. లేకపోతే కాళ్ళు ఒంపుని తోసేసి తిన్నగా పోతాయి, మళ్ళీ గడ్డి మీద చార. ఒంపు కావాలంటే ముందు ఆ మలుపులో ఒక పారిజాతం నాటమన్నాడు. నాటాం.

నీళ్ళకీ ఒక దారి కావాలి

నా లెక్కలో ఇదే అసలు విషయం. దాదాపు అందరూ వదిలేసేదీ ఇదే.

బెంగళూరులో ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉరుములతో వచ్చే వాన, ఆ తర్వాత నైరుతి, చివర్లో ఈశాన్యం. ఎక్కువ పడేది సాధారణంగా సెప్టెంబరు, అక్టోబరుల్లో. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 40×60 సైట్ అంటే 223 చదరపు మీటర్లు. ఒక సాయంత్రం 50 మిల్లీమీటర్లు కురిస్తే ఆ సైట్ మీద పడేది 11,000 లీటర్ల పైమాటే. 6,000 లీటర్ల ట్యాంకర్లు దాదాపు రెండు. వేసవిలో డబ్బిచ్చి తెప్పించుకునే ఆ నీళ్ళనే సెప్టెంబరులో గేటు కింద నుంచి వీధిలోకి వదిలేస్తాం. అవి వెళ్ళి దిగువ వీధిలో ఎవరో ఒకరి పార్కింగ్‌లో నిలబడతాయి.

ఖాళీ నేలంతా బండలతో కప్పేస్తే ఇంకడానికి చోటు లేదు. అందుకే దారి వెడల్పు ప్రతి అడుగూ ఆలోచించి వేయాలి. పదడుగుల దారిని నాలుగున్నరకి తగ్గిస్తే ముప్పై అడుగుల పొడవున 165 చదరపు అడుగుల నేల తిరిగి దొరుకుతుంది. మాకు అలాగే దొరికింది, ఇప్పుడక్కడ కనకాంబరాలూ వంగమొక్కలూ ఉన్నాయి.

దారికి వాలు తప్పనిసరి. యాభై అడుగులకి ఒక అడుగు చొప్పున, అంటే నాలుగడుగుల వెడల్పు దారికి ఒక పక్కకి ఒక అంగుళం వాలు. ఆ వాలు ఇంటి గోడ వైపు కాదు, మొక్కల మడి వైపు. ఇంత చిన్న వాలు కంటికి కనపడదు. మేస్త్రీ లెవెల్ పైపు పట్టుకుని చూపిస్తేనే నమ్మండి. ఒక చెంబు నీళ్ళు పోసి ఎటు పోతాయో చూస్తే ఇంకా మంచిది. గోడ పక్కన దారి పై మట్టం ఇంటి పునాది మట్టానికి కనీసం ఆరంగుళాలు కిందనే ఉండాలి. ఎత్తు పెంచుకుంటూ పోయిన ఇళ్ళలో గోడల అడుగున పెయింట్ పొక్కులెత్తుతుంది. అందరూ పెయింట్ కంపెనీని తిడతారు.

మడిలోకి దిగిన నీళ్ళు అక్కడ ఇంకిపోవాలి. కొత్త ఇళ్ళలో ఇదొక చిక్కు. ఇక్కడి ఎర్రమట్టి మంచిదే గానీ ఇల్లు కట్టేటప్పుడు దాని మీద లారీలు తిరిగి, సిమెంటు పాలు కారి, ఇటుక ముక్కలు కలిసి రాయిలా అయిపోయి ఉంటుంది. దాన్ని అడుగు లోతున తవ్వి, చెత్త ఏరేసి, పశువుల ఎరువు కలపకుండా మడి అని పిలవడం దండగ. మా లాన్ కింద ఏకంగా సగం బస్తా గట్టిపడిన సిమెంటు దొరికింది.

నీళ్ళు మరీ ఎక్కువైతే ఇంకుడు బావి. 2009లో జలమండలి చట్టానికి చేసిన సవరణతో 40×60, అంతకన్నా పెద్ద సైట్లలోని పాత ఇళ్ళకీ, 30×40, అంతకు మించిన కొత్త ఇళ్ళకీ వాన నీటి సేకరణ తప్పనిసరి అయింది. చాలామంది పైపు ఒకటి బిగించి ఊరుకుంటారు. మూడడుగుల వెడల్పున సిమెంటు ఒరలు దింపి ఇరవై, ముప్పై అడుగులు తవ్వే ఇంకుడు బావి దారి పక్కనే వస్తే దారి నీళ్ళూ అందులోకే తిప్పొచ్చు, ముందొక ఇసుక, జల్లి వడపోత పెట్టి. బెంగళూరు చుట్టుపక్కల ఈ బావులు తవ్వడంలో తరతరాల చేయి ఉన్నది మన్ను వడ్డర్లది. వీళ్ళలో చాలామందికి ఇంటి భాష తెలుగే. మా బావి తవ్వినాయన మట్టి చేత్తో నలిపి, "పదిహేనడుగుల కింద ఇసుక తగల్తాది, ఆడికి పోతే నీళ్ళు నిలవవు" అన్నాడు. పదహారుకి తగిలింది. ఈ పద్ధతులు కళ్ళారా చూడాలంటే జయనగర్‌లో జలమండలి వాళ్ళ వాన నీటి సేకరణ పార్క్ ఉంది, విశ్వేశ్వరయ్య పేరు మీద. ఒక పూట పెట్టుకుని వెళ్ళిరావచ్చు.

ఏ బండ?

బెంగళూరులో చేతికందే రాళ్ళు చాలానే. దేవనహళ్ళి వైపు సాదహళ్ళి పేరు మీద దొరికే బూడిదరంగు గ్రానైట్ ఇక్కడి పాత ఇళ్ళ మెట్లకీ, స్తంభాలకీ బాగా వాడారు. గరుకుగా ఉంటుంది, తడిలోనూ కాలు పట్టుకుంటుంది, జీవితకాలం వస్తుంది. కన్నడంలో చప్పడి కల్లు అనే పెద్ద పలకలు పాత ఇళ్ళు పడగొట్టే చోట అడిగితే దొరుకుతాయి. బరువు ఎక్కువ, మనుషులు నలుగురు కావాలి.

ఇక మనవాళ్ళకి ప్రాణం నాపరాయి. కడప బండ, బేతంచెర్ల బండ, తాండూరు బండ, వీటి మీద పుట్టి పెరిగినవాళ్ళం. నేనూ మొదట కడప బండే అనుకున్నాను. ఇంట్లో అయితే సరే, ఆరుబయట ఆలోచించాలి. నల్లరాయి ఏప్రిల్ ఎండలో చెప్పులు లేకుండా నడవనివ్వదు. పాలిష్ పెట్టింది వానాకాలం పాచి పట్టి జారుతుంది. ఇంకోటి, ఇది సున్నపురాయి జాతి. పాచి వదలగొడదామని బాత్రూం యాసిడ్ పోస్తే బుసబుసా పొంగి తెల్లమచ్చలు పడతాయి. వేయాలనుంటే పాలిష్ లేని గరుకు బండ తీసుకుని, చీపురూ నీళ్ళూ పెట్టి కడుక్కోవాలి.

సిమెంటు పేవర్లు చవక, ఎప్పుడైనా ఊడదీసి మళ్ళీ పరవచ్చు. కింద పైపు పగిలినా భయం లేదు. నడిచే చోట 60 మిల్లీమీటర్ల మందం, కారెక్కే చోట 80. అంచున కర్బ్ రాళ్ళు పెట్టకపోతే ఏడాదిలో ఒకదానికొకటి దూరం జరిగి పళ్ళూడిన నోరులా తయారవుతాయి. రంగు పేవర్ల జోలికి పోకండి. నా అభిప్రాయం అంతే, మూడో ఎండాకాలానికి అవి వెలిసిపోయి కనిపిస్తాయి.

రాయి ఏదైనా కింద పని ఒక్కటే. ఆరెనిమిది అంగుళాలు తవ్వి, నేల గట్టిగా దిమ్మిస కొట్టి, నాలుగంగుళాల జల్లి పరిచి మళ్ళీ కొట్టి, దాని మీద అంగుళంన్నర ఎం-శాండ్, అంటే రాతిని నలగ్గొట్టి చేసే ఇసుక. ఆ పైన బండ. జల్లి లేకుండా మట్టి మీదే బండలు వేసి సందుల్లో సిమెంటు పూసేస్తారు. మొదటి వానకే కుంగుతుంది. అసలు కొత్త ఇంటి పునాది చుట్టూ పూడ్చిన మట్టి ఒక వానాకాలం తడిస్తే గానీ సర్దుకోదు. ఆ ఒక్క ఏడాదీ గోడ పక్కన ఉత్తి జల్లి పోసి నడుచుకోవడం మేలు. మేము ఆగలేదు, తూర్పు గోడ వెంట మా గ్రానైట్ రెండంగుళాలు కిందికి పోయింది.

బండ వేయకముందే దాని కింద అడ్డంగా మూడంగుళాల పీవీసీ పైపులు రెండు మూడు చోట్ల, అడుగు లోతున పడేయండి. రెండు చివరలకీ మూతలు పెట్టండి. రేపు డ్రిప్ పైపు వేసినా, తోటలో లైటు పెట్టినా దారి పగలగొట్టక్కర్లేదు. వాటి మీద టేపు పరిచి కొలతలతో ఫొటో తీసుకుంటే, మూడేళ్ళ తర్వాత ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సిన పని ఉండదు.

మెట్లు పడితే ఎత్తు ఐదారంగుళాలకి మించకూడదు. ఎత్తుని రెండింతలు చేసి పాదం పెట్టే వెడల్పుకి కలిపితే సుమారు 25 అంగుళాలు రావాలి. ఒంటి మెట్టు అన్నిటికన్నా ప్రమాదం, చీకట్లో కనపడదు. రెండు పెట్టండి, లేదా వాలుగా లాగేయండి. లైటు కూడా మెట్ల దగ్గరే ముందు కావాలి, చెట్ల మీద కాదు.

దారి పక్కన ఏ చెట్టు అన్నది చిన్న విషయం కాదు. మర్రి, రావి జాతులూ గుల్‌మొహర్ వేళ్ళతో బండల్ని లేపేస్తాయి. నేరేడు దారి మీదకి ఒరిగితే జూన్, జులైల్లో బండలన్నీ ఊదారంగే. కొబ్బరిమట్ట కింద దారి ఉండకూడదు, చెప్పక్కర్లేదు. పారిజాతం, నందివర్ధనం, కరివేపాకు వేళ్ళతో పేచీ పెట్టవు. పారిజాతం కింద మాత్రం బండ బదులు గడ్డి వదిలితే పొద్దున్నే పూలు మట్టి అంటకుండా ఏరుకోవచ్చంటారు కొందరు, బండే నయమంటారు ఇంకొందరు. మా ఇంట్లో ఆ వాదన తేలలేదు. చివరికి పాత చీర పరుస్తున్నాం.

30×40 సైట్ వాళ్ళు ఇదంతా చదివి మాకెక్కడ చోటుందని అనుకోవచ్చు. పక్కన వదిలిన మూడడుగుల సందే మీ దారి. దాన్ని గోడ నుంచి గోడ దాకా సిమెంటు చేయకుండా, మధ్యలో రెండడుగులు బండలు వేసి కాంపౌండ్ వైపు అడుగు మట్టి వదలండి. మల్లెతీగకి అడుగు చాలు. ఆ మట్టిలోకే పక్క వాలు నీళ్ళు.

తులసికోట చుట్టూ ప్రదక్షిణకి రెండున్నర అడుగులు వదిలాం, అది సరిపోయింది. గేటు ముందు ముగ్గు వేసే చోటు మాత్రం రెండుసార్లు చేయించాల్సి వచ్చింది. జారకూడదని అక్కడ కూడా మంటతో గరుకు చేసిన గ్రానైట్ వేయించాను. ధనుర్మాసం మొదటి రోజు అమ్మ చుక్కలు పెట్టి గీత లాగింది, పిండి గరుకులో పడి గీత తెగిపోయింది. మేస్త్రీని పిలిపించి, ఆ నాలుగడుగుల చదరం ఊడదీయించి, పాత పదడుగుల దారిలోంచి తీసి షెడ్డులో పెట్టిన నున్నటి పలకలు అక్కడ వేయించాం. వానకి అవి జారతాయి కాబట్టి నడక ముగ్గు పక్కనుంచి పోయేలా గేటు చిన్న తలుపుని రెండడుగులు ఎడమకి జరిపాం. ఆ పని కోసం వెల్డర్ మూడుసార్లు వచ్చిపోయాడు.